విద్యార్థి గంటలు ఎవరి సొత్తు?

జుమా నమాజు ముగిసిన తరువాత కాలేజీ విద్యార్థులు మా వద్దకు వచ్చి అడిగే ప్రశ్నలు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది: “హజ్రత్, రోజు చాలడం లేదు. క్లాసులు, ల్యాబులు, రికార్డులు, ఇంటికొస్తే పనులు. వీటి మధ్య ఖుర్ఆన్ పారాయణం ఎక్కడ సర్దమంటారు?” రెండవది కాస్త గొంతు తగ్గించి అడిగేది: “పరీక్షలు దగ్గరపడితే గుండె దడదడలాడుతుంది. చదివింది గుర్తుండదు, నిద్ర పట్టదు. అల్లాహ్ మీద నమ్మకమున్నవాడికి భయమెందుకని ఇంట్లో అంటారు. అంటే నా ఈమాన్ బలహీనమైనదా?”

మొదటిది కాలానికి, రెండవది మనసుకు సంబంధించిన ప్రశ్నలని పైకి అనిపిస్తుంది. నిజానికి రెండింటి వెనుకా నిలబడి ఉన్నది ఒకే ప్రశ్న. విద్యార్థి గంటలు ఎవరివి? అతని సొంతమా? ఫీజు కట్టే తల్లిదండ్రులవా? కాలేజీ యాజమాన్యానివా? ఇది తేలనంత వరకు టైంటేబుల్‌ను ఎంత అందంగా గీసి గోడకు అతికించినా వారం రోజుల్లో అది ఊడి కింద పడుతుంది.

ధర్మం దీనికి ఇచ్చే జవాబు స్పష్టమైనది. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనాన్ని ఇమామ్ తిర్మిజీ పొందుపరిచారు. ఐదు విషయాల గురించి లెక్క చెప్పనంత వరకు ప్రళయదినాన ఆదం పుత్రుని పాదాలు కదలవని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. జీవితకాలం దేనిలో గడిపాడు, యౌవనం దేనిలో ఖర్చు చేశాడు, ధనం ఎలా సంపాదించాడు, దేనికి వెచ్చించాడు, తెలుసుకున్న దాన్ని ఎంతవరకు ఆచరించాడు అన్నవే ఆ ఐదు. జీవితకాలం గురించి అడిగిన తరువాత యౌవనం గురించి మళ్లీ వేరుగా అడగడాన్ని గమనించండి. యౌవనం జీవితంలో భాగమే కదా! అయినా దాని లెక్క ప్రత్యేకం. లెక్క అడిగేది సొంతదారుడు, చెప్పుకోవలసింది అమానతుదారుడు. కనుక ఈ గంటలు విద్యార్థివి కావు, అతని తండ్రివి అంతకంటే కావు. అవి అల్లాహ్ అతని చేతిలో ఉంచిన అమానతు.

ఇంతవరకు మన ప్రసంగాలలో అందరూ చెప్పేదే. అయితే ఇక్కడితో ఆగిపోయి, ‘కాబట్టి ఒక్క నిమిషం కూడా వృథా చేయకు, రాత్రింబవళ్లు చదువు’ అని ముగిస్తే అమానతు సూత్రంలో సగమే చెప్పినట్లవుతుంది. ఒకాయన తన గుర్రాన్ని మన దగ్గర అమానతుగా ఉంచి ఊరికి వెళ్లాడనుకుందాం. మేత వేయక దాన్ని కొయ్యకు కట్టి ఎండబెడితే అది ద్రోహమే. పగలూ రాత్రీ పరుగెత్తించి కూలబెట్టినా ద్రోహమే. “నేనేమీ సోమరిగా కూర్చోలేదు, చాలా కష్టపడి తోలాను” అని రెండవవాడు చెప్పుకుంటే గుర్రం సొంతదారుడు ఒప్పుకుంటాడా? విద్యార్థి దేహమూ, మెదడూ, నిద్రా ఆ గుర్రం లాంటివే.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల ఉదంతం బుఖారీలో ఉంది. అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాలు, రాత్రులు నమాజులతో గడుపుతూ ఇంటినీ, ఒంటినీ పట్టించుకోవడం మానేశారు. సల్మాన్ (రజి) ఆయన ఇంటికి అతిథిగా వెళ్లి బలవంతంగా భోజనం చేయించారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే పడుకోమన్నారు, కొంతసేపటికి మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో మాత్రం తానే లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు హక్కు ఉన్నట్లే నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీ మీద హక్కు ఉందని ఆయన చెప్పిన మాటను దైవప్రవక్త (సఅసం) విని, సల్మాన్ చెప్పింది నిజమని ధృవీకరించారు. నఫిల్ ఆరాధన కోసమే నిద్ర హక్కును కాలరాయకూడదన్నప్పుడు, ఈఏపీసెట్ ర్యాంకు కోసం కాలరాయవచ్చునని ఎవరు ఫత్వా ఇస్తారు?

తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పదింటి వరకు బల్లకు కట్టేసినట్లు కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీలు మన రెండు రాష్ట్రాలలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు. వాటిలో పిల్లలను చేర్పించేటప్పుడు నమాజుకు వీలు ఉందా అని అడిగే తండ్రులు కొందరున్నారు, వారికి అల్లాహ్ మేలు చేయుగాక! నిద్రకు వీలు ఉందా అని అడిగినవారిని మాత్రం మేము ఇంతవరకు చూడలేదు.

మరి గంటలను ఎలా పంచాలి? ముందు లెక్క వేసి చూద్దాం. పాతబస్తీ నుండి ఊరి బయట ఉన్న ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లే విద్యార్థిని తీసుకోండి. నిద్ర ఏడు గంటలు. కాలేజీ, బస్సు ప్రయాణం కలిపి తొమ్మిది. స్నానం, భోజనం వగైరా రెండు. ఐదు పూటల నమాజుకు వుజూతో సహా ఒక్కో పూటకు పావుగంట చొప్పున గంటా పావు. మొత్తం పందొమ్మిదింబావు. మిగిలినవి నాలుగు ముప్పావు గంటలు. ‘నమాజు వల్ల చదువుకు టైం చాలడం లేదు’ అనేవారు ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూసుకోవాలి. నమాజుకు పట్టింది గంటా పావు. ఫోన్‌కు ఎంత పట్టిందో చెప్పడానికి మా అవసరం లేదు, సెట్టింగ్స్‌లోకి వెళితే ఆ ఫోనే నిమిషాలతో సహా సాక్ష్యమిస్తుంది. ప్రళయదినాన చేతులూ కాళ్లూ సాక్ష్యమిస్తాయని దివ్యఖుర్ఆన్ యాసీన్ సూరాలో చదివే మనం, ఈ చిన్న సాక్షిని చూసి కూడా కాస్త సిగ్గుపడాలి.

పరీక్ష వేళల గురించి కూడా తరచూ అడుగుతుంటారు. మధ్యాహ్నం రెండు నుండి ఐదు వరకు పరీక్ష అనుకుందాం. డిసెంబరు మొదటి వారంలో హైదరాబాద్‌లో జుహ్ర్ వేళ పన్నెండు దాటగానే ప్రవేశిస్తుంది, సూర్యాస్తమయం సుమారు ఐదు గంటల నలభై నిమిషాలకు. హాలులోకి వెళ్లేముందు జుహ్ర్, బయటికి రాగానే అస్ర్ చేసుకోవచ్చు. రెండింటికీ వేళ ఉంది. ప్రశ్నాపత్రాలు పోల్చి చూసుకుంటూ గేటు దగ్గర అరగంట నిలబడితేనే అస్ర్ పోతుంది.

ఆడపిల్లల లెక్క వేరు, దాన్ని వేరుగానే చెప్పాలి. పైన మిగిలిన నాలుగు ముప్పావు గంటలు అన్నయ్యకు మిగులుతాయి. అదే కాలేజీ నుండి అదే బస్సులో వచ్చిన చెల్లెలు బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించేలోపే వంటింట్లో నుంచి పిలుపు వస్తుంది. అంట్లు, రొట్టెలు, చిన్న తమ్ముళ్ల హోంవర్కు అయ్యేసరికి ఇషా. తరువాత ఆమె మార్కులు తగ్గితే ‘ఆడపిల్లకు చదువెందుకు’ అని తీర్పు కూడా ఇస్తారు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్లేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) జవాబిచ్చినట్లు బుఖారీలో ఉంది. గడ్డం సున్నత్ గురించి పట్టుదలగా మాట్లాడే అన్నయ్యలు ఈ సున్నత్‌ను కూడా ఆచరిస్తే చెల్లెలికి రోజుకు గంటన్నర మిగులుతుంది.

చదివే పద్ధతి

గంటలు దొరికితే సరిపోదు. వాటిలో ఎలా చదవాలన్నది ఇంకో విషయం. ఇందులో కాలేజీ విద్యార్థులు తమ వీధి చివరి మదర్సా నుండి నేర్చుకోవలసింది చాలా ఉందని మా అభిప్రాయం. హిఫ్జ్ చేసే పదేళ్ల పిల్లవాడిని చూడండి. అతని రోజు మూడు భాగాలు. ఈ రోజు కొత్తగా కంఠస్థం చేసేది సబఖ్. గత కొద్ది రోజుల్లో చేసింది సబఖ్ పారా. ఎప్పుడో చేసి ముగించింది ఆమోఖ్తా. కొత్త పాఠం ఎంత బాగా అప్పజెప్పినా పాతది అప్పజెప్పనిదే ఉస్తాద్ వదలరు. ఎందుకంటే ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాడు కట్టేసిన ఒంటెల యజమాని వంటివాడనీ, కనిపెట్టుకుని ఉంటే అవి ఉంటాయనీ, వదిలేస్తే పోతాయనీ దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఇది హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అనే పరిశోధకుడు 1885లో మతిమరుపు మీద తన ప్రయోగాలను ప్రచురించి, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందనీ, మధ్యలో విరామాలిచ్చి మళ్లీ మళ్లీ చదివితే నిలుస్తుందనీ చూపించాడు. మన హాఫిజ్ ఉస్తాదులకు ఆయన పేరు తెలియదు గాని ఆ పనినే తరతరాలుగా చేయిస్తున్నారు.

ఇంజినీరింగ్ విద్యార్థి చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సెమిస్టరంతా సబఖ్ వింటాడు, సబఖ్ పారా లేదు, ఆమోఖ్తా అసలే లేదు. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఐదు యూనిట్లనూ ఒకేసారి మింగబోతాడు. ఒంటెలు ఎప్పుడో తాళ్లు తెంపుకుని వెళ్లిపోయాయి, ఇతను ఖాళీ కొయ్యల మధ్య తిరుగుతుంటాడు. గుండె దడ రాకుండా ఎలా ఉంటుంది?

దర్సె నిజామీ మదర్సాలలో ఇంకో ఆచారం ఉంది. పాఠానికి ముందు రోజు రాత్రి విద్యార్థి తానే ఆ భాగాన్ని చూసుకుని వస్తాడు. దాన్ని ముతాలఅ అంటారు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ అర్థం కాలేదో తెలిస్తే చాలు. ఉస్తాద్ పాఠం చెప్పిన తరువాత సాయంత్రం నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటే ఒకరు ఆ పాఠాన్ని మళ్లీ మిగతావారికి చెబుతారు. ఇది తక్రార్. చదివినప్పుడు వచ్చినట్లే అనిపించినది చెప్పబోతే రాదు, అక్కడే లోపం బయటపడుతుంది. హాస్టల్ గదిలో నలుగురు మిత్రులు మగ్రిబ్, ఇషాల మధ్య ఒక్క గంట తక్రార్ పెట్టుకుంటే దానికి రూపాయి ఖర్చు లేదు. విద్యార్జనకు శ్రేష్ఠమైన వేళలు సహరీ సమయమూ, మగ్రిబ్ ఇషాల మధ్య సమయమూ అని ఇమామ్ జర్నూజీ తన ‘తాలీముల్ ముతఅల్లిమ్’ గ్రంథంలో పేర్కొన్నారు. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తరువాత కబుర్లనూ దైవప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదన్నది బుఖారీ హదీసు. ఇషా తరువాత కబుర్లు అంటే ఇప్పుడు అర్థం చేసుకోవలసింది ఏమిటో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

అల్లామా ఇబ్నె జౌజీ (రహ్మలై) హిజ్రీ 597లో బాగ్దాద్‌లో మరణించారు. ఊరికే కబుర్లకు వచ్చే సందర్శకులతో ఆయన విసిగిపోయేవారు. రావద్దంటే స్నేహం చెడుతుంది, రానిస్తే కాలం పోతుంది. అందుకని ఆలోచన అవసరం లేని పనులను, అంటే కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం, పుస్తకాలు కట్టలు కట్టడం వంటివాటిని వారు వచ్చే వేళకు అట్టిపెట్టుకునేవారు. తాజా మనసుతో చేయవలసిన పనికి తాజా వేళను కేటాయించి, రికార్డు గీతలు గీయడం, ఫెయిర్ కాపీ రాయడం వంటివి అలసిన వేళకు వదిలితే సగం బరువు తగ్గుతుంది. చాలామంది ఫజ్ర్ తరువాతి చల్లని వేళను వాట్సాప్‌కు ఇచ్చి, కళ్లు మూతలు పడే వేళకు గణితం తీస్తారు.

ధర్మం సులభమైనదనీ, దానితో పంతానికి దిగినవాడు ఓడిపోతాడనీ, ఉదయపు ప్రయాణం, సాయంకాలపు ప్రయాణం, రాత్రిలో కొంత భాగం సహాయంతో ముందుకు సాగమనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసులోని పోలిక ఎడారి బాటసారిది. ఎండ వేళ ఆగేవాడే గమ్యం చేరేవాడని అతనికి తెలుసు. తన అనుచరులకు విసుగు పుడుతుందేమోనని బోధనను కూడా రోజులు విడిచి చేసేవారు ఆయన (సఅసం). అందుకే హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) రోజూ బోధించమని శిష్యులు కోరినా గురువారం మాత్రమే బోధించేవారు.

ఇక్కడ మా సాటి వక్తలకు ఒక మనవి. ఇమామ్ నవవీ (రహ్మలై) రోజుకు పన్నెండు పాఠాలు చదివేవారన్నది నిజమే. ఆయన స్థానం ఎంతో ఉన్నతమైనది. కాని ఆయన నలభై ఐదేళ్లకే మరణించారన్న సంగతిని వేదిక మీద ఎవరూ చెప్పరు. మహనీయుల అసాధారణ స్థితిని చెప్పి సాధారణ పిల్లవాడిని సిగ్గుపడేలా చేయడం కంటే, కొద్దిపాటిదైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రియమైనదన్న హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనాన్ని వినిపించడం మేలు.

భయం ఈమాన్‌కు విరుద్ధమా?

ఇప్పుడు గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నకు వద్దాం. తవక్కుల్ ఉన్నవాడికి ఆందోళన ఉండదనే మాట మన ఇళ్లలో వాడుకగా ఉంది. ఆ మాట సరైనదైతే హజ్రత్ మూసా (అలై) గురించి ఏమనాలి? మాంత్రికుల తాళ్లు పాముల్లా కనిపించినప్పుడు ఆయన మనసులో భయం కలిగిందని ఖుర్ఆనే చెబుతోంది. పసిబిడ్డను నదిలో వదిలిన ఆయన తల్లి హృదయం తల్లడిల్లిపోయింది. హజ్రత్ యాఖూబ్ (అలై) దుఃఖంతో కంటిచూపు కోల్పోయారు. వారు అనే మాటలకు నీ గుండె కుంచించుకుపోతోందని మాకు తెలుసునని స్వయంగా అంతిమ దైవప్రవక్త (సఅసం)ను ఉద్దేశించి అల్లాహ్ హిజ్ర్ సూరాలో పలికాడు. మందలించలేదు, తెలుసునన్నాడు! వీరి ఈమాన్‌ను శంకించే ధైర్యం ఎవరికుంది?

దైవప్రవక్త (సఅసం) తరచుగా చేసే ఒక దుఆను హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అందులో ఆయన శరణు కోరిన వాటిలో మొదటి నాలుగు: హమ్మ్, హజన్, అజ్‌జ్, కసల్. రాబోయేదాని గురించిన దిగులు హమ్మ్, జరిగిపోయినదాని గురించిన దుఃఖం హజన్ అని పండితులు వివరించారు. అజ్‌జ్ అంటే చేతకానితనం, కసల్ అంటే బద్ధకం. విశ్వాసికి దిగులు రానేరాదంటే ప్రవక్త (సఅసం) దాని నుండి శరణు కోరడమెందుకు? ఇంకో సంగతి ఏమిటంటే, దిగులూ బద్ధకమూ ఒకే దుఆలో పక్కపక్కన ఉన్నాయి. భయంతో పుస్తకం ముట్టలేని పిల్లవాడు బయటికి బద్ధకస్తుడిలాగే కనిపిస్తాడు. తండ్రి బద్ధకమనుకుని గట్టిగా అరుస్తాడు, భయం రెట్టింపవుతుంది, పుస్తకం ఇంకా దూరమవుతుంది. వీటిలో ఏది ఏదో తెలుసుకోకుండా మందు వేయకూడదు.

కాబట్టి భయం రావడం దోషం కాదు. దాన్ని ఎటు నడిపిస్తామన్నదే మన చేతిలో ఉన్నది. పుస్తకం తెరిపించే భయం ఒకటుంది, అది మేలైనదే. మూయించే భయం సాధారణంగా పాఠం గురించినది కాదు, నలుగురి గురించినది. మామయ్య ఏమంటాడు, పక్కింటి ఖాలా ఏమంటుంది, దుబాయ్‌లో ఉన్న అబ్బా ముఖం ఎలా చూపించాలి అన్నది ఆ భయం. అక్కడ తవక్కుల్ నిజంగా పనిచేస్తుంది. ఒంటెను కట్టి ఆ తరువాత నమ్మకముంచమన్నారు కదా, కట్టడం వరకే విద్యార్థి బాధ్యత. ర్యాంకు అతని బాధ్యత కాదు, ఉపాధి ఆ ర్యాంకు చేతిలో లేదు.

భయం ఇంకా ముదిరి నిద్రనూ తిండినీ తినేస్తే అది వ్యాధి. వ్యాధికి చికిత్స చేయించుకోమని ఆజ్ఞ ఉంది. హిజ్రీ 488లో, అంటే క్రీ.శ. 1095లో, బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యులుగా ఉన్న ఇమామ్ గజాలీ (రహ్మలై) నాలుక పాఠం చెప్పబోతే కదలలేదు. ముద్ద గొంతు దిగలేదు. ఇది మనసులో పుట్టి ఒంటికి పాకిన వ్యాధి అని వైద్యులు చెప్పారు. ఈ సంగతిని ఆయనే తన ‘అల్ ముంఖిజ్’లో దాచకుండా రాసుకున్నారు. పదవిని వదిలి వెళ్లిపోయారు. సుమారు పదకొండేళ్లకు నిషాపూర్‌లో మళ్లీ బోధనకు కూర్చున్నారు. హుజ్జతుల్ ఇస్లామ్ అని పిలిచే ఆయనకే ఇది జరిగినప్పుడు, సెకండియర్ చదివే పిల్లవాడిని మనోవైద్యుని దగ్గరకు తీసుకెళ్లడానికి మనం సిగ్గుపడడంలో అర్థం లేదు. తావీదు కట్టించడానికి ముప్పై కిలోమీటర్లు వెళ్లేవారు ఊళ్లోనే ఉన్న ఆసుపత్రికి వెళ్లరు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ మాటలను ఎందుకింత వివరంగా రాస్తున్నామో తల్లిదండ్రులు గ్రహించాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల లెక్కింపులోనే తప్పులు దొర్లాయని తరువాత తేలింది. 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థుల సంఖ్య 13 వేలు దాటినట్లు ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. ఆత్మహత్య హరామ్ అన్నది నిస్సందేహం. ఆ మాట పిల్లలకు తెలిసి ఉండాలి. కాని అలా పోయిన పిల్లవాడి ఇంటికి పరామర్శకు వెళ్లి అతన్ని నరకవాసిగా తేల్చి చెప్పే అధికారం మనకు లేదు. హజ్రత్ తుఫైల్ బిన్ అమ్ర్ (రజి)తో పాటు మదీనాకు హిజ్రత్ చేసిన ఒకరు జబ్బుపడి, బాధ ఓర్వలేక తన వేళ్ల కణుపులు కోసుకుని మరణించారు. తరువాత అల్లాహ్ ఆయన్ను క్షమించినట్లూ, చేతులు మాత్రం కప్పి ఉన్నట్లూ తుఫైల్ (రజి) కలలో చూశారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ‘ఆ చేతులను కూడా క్షమించు’ అనే అర్థంలో ప్రార్థించారు. ఇది ముస్లిం గ్రంథంలోని హదీసు.

ఫలితాలు వచ్చే రోజు తండ్రి పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉండడం మంచిది. నెంబరు చూసేటప్పుడు పిల్లవాడి పక్కనే కూర్చోవాలి. తప్పితే ఆ పూట బంధువుల ఫోన్లు తల్లి తీసుకోవాలి, పిల్లవాడి చేతికి ఇవ్వకూడదు. మగ్రిబ్‌కు మసీదుకు వెంట తీసుకెళ్లాలి. రాత్రి భోజనం అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినాలి, అతన్ని ఒంటరిగా గదిలో పడుకోనివ్వకూడదు. సప్లిమెంటరీ పరీక్షలు కొన్ని వారాల్లోనే జరుగుతాయి. ఫీజు కట్టే చివరి తేదీ ఎప్పుడో మర్నాడు కాలేజీకి వెళ్లి తండ్రే కనుక్కుని రావాలి.